వంపు గాజు ఆకారాన్ని తాకకుండా కొలవడం: ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ తప్పుతుంది

మీ ప్రశ్నలో రెండు వస్తువులున్నాయి. మొదటిది 600 × 400 మి.మీ. సోడా-లైమ్ గాజు పలక. మందం 4 మి.మీ., పొడవు వెంబడి సుమారు 1.5 మీటర్ల వ్యాసార్థంతో వంచినది. దాని ఆకారం 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) లోపు తెలియాలి, ప్రోబ్ (కొలిచే మొన) తగలకూడదు. లేజర్ లైన్ స్కానర్‌తో చూస్తే సగం చోట్ల ఖాళీలు, మిగతా చోట్ల జంట గీతలు వస్తున్నాయన్నారు. రెండోది 80 మి.మీ. వ్యాసార్థం, 40 మి.మీ. వ్యాసం ఉన్న పుటాకార లెన్సు ముఖం.

పలకకు ఫ్రింజ్ డిఫ్లెక్టోమెట్రీ (తెర మీది చారలు గాజులో ఎలా ప్రతిబింబిస్తున్నాయో చూసి ఆకారం లెక్కించడం) వాడండి. దానికి తోడుగా ఒక క్రోమాటిక్ కన్‌ఫోకల్ సెన్సర్ (తిరిగొచ్చిన కాంతి రంగును బట్టి దూరం చెప్పేది) ఉండాలి. లెన్సుకు ఇంటర్‌ఫెరోమీటర్ (కాంతి తరంగాలను కలిపి, వచ్చే పట్టీలతో ఎత్తు తేడాలు కొలిచేది) సరైనది. ఈ రెండింటికీ ఒకే పరికరం కొనాలని చూడకండి. అలా కొన్నది రెండు చోట్లా అరకొరగానే పనిచేస్తుంది.

ముందు స్కానర్ సంగతి. లేజర్ స్కానర్ అయినా, చారలు వేసే త్రీడీ స్కానర్ అయినా ఒకే నమ్మకం మీద పనిచేస్తుంది: వెలుగు పడిన చోటు నుంచి అన్ని వైపులకూ చెదిరితే, కెమెరా ఎక్కడున్నా ఆ చుక్క కనిపిస్తుంది. పాలిష్ చేసిన గాజు వెలుగును చెదరగొట్టదు. నిటారుగా పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని అద్దంలా ఒకే దిశలో తిప్పి పంపుతుంది, మిగతాదాన్ని లోపలికి పోనిస్తుంది. లోపలికి వెళ్లిన దానిలో మళ్లీ 4 శాతం వెనక ముఖం నుంచి తిరిగొస్తుంది. మీరు చూసిన జంట గీతలు ఇవే. ఖాళీలున్న చోట తిరిగొచ్చిన కాంతి కెమెరా కంట్లో పడలేదు. అక్కడక్కడా సరిగ్గా కనిపించిన బిందువులు చాలావరకు దుమ్మూ వేలిముద్రలే. లేజర్ శక్తి పెంచినా, ఎక్స్‌పోజర్ పెంచినా ఇది మారదు. నీలం లేజర్‌కు మారినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఆ రంగు కాంతి కూడా గాజులోంచి అలాగే వెళ్లిపోతుంది.

గాజు అద్దంలా ప్రవర్తిస్తోంది కాబట్టి దాన్ని అద్దంగానే వాడుకోవాలి. ఒక పెద్ద తెర మీద సైన్ ఆకారపు చారలు చూపించి, గాజులో వాటి ప్రతిబింబాన్ని కెమెరాతో తీస్తారు. గాజు మీది ప్రతి బిందువు తెరలోని ఏ చోటును చూపిస్తోందో తెలిస్తే, అక్కడి లంబం ఎటు తిరిగి ఉందో లెక్క వస్తుంది. ఇక్కడ నేరుగా అందేది వాలు, ఎత్తు కాదు. వాలును సమాకలనం చేస్తేనే ఎత్తు వస్తుంది. ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ ఇందులోనే ఉన్నాయి.

బలం ఎంతో అంకెల్లో చూడండి. లంబం కొంత కోణం తిరిగితే ప్రతిబింబించిన కిరణం దానికి రెట్టింపు తిరుగుతుంది. తెర 1 మీటరు దూరంలో ఉంటే 20 మైక్రోరేడియన్ల (అంటే మీటరుకు 20 మైక్రాన్ల) వాలు తేడాకు కిరణం తెర మీద 0.04 మి.మీ. జరుగుతుంది. 43 అంగుళాల 4కే టీవీలో పిక్సెల్ సుమారు 0.25 మి.మీ. కాబట్టి ఇది పిక్సెల్‌లో ఆరో వంతు. చారల ఫేజ్ (ఒక బిందువు చారలో ఏ చోట ఉందో చెప్పే కోణం) నుంచి దీన్ని తేలిగ్గా పట్టుకోవచ్చు. 20 మి.మీ. వెడల్పు, 5 మైక్రాన్ల లోతు ఉన్న చిన్న అలలో గరిష్ఠ వాలు సుమారు 0.8 మిల్లీరేడియన్లు. అది తెర మీద 1.6 మి.మీ. జరుగుడుగా కనిపిస్తుంది. ఇంత చిన్న అలను పెద్ద ఆకారం కోసం చేసిన త్రీడీ స్కానర్ ఎప్పటికీ చూడలేదు. 8.4 మీటర్ల టెలిస్కోపు అద్దాలను అరిజోనా విశ్వవిద్యాలయంలో ఇదే సూత్రంతో, తెరా కెమెరా పెట్టి పరీక్షించారు. కాబట్టి దీన్ని చవక పద్ధతి అని తీసిపారేయకండి.

ఏ ముఖాన్ని చూడాలన్నది మొదటి నిర్ణయం. పుటాకార ముఖాన్నే కొలవండి. కెమెరా, తెర రెండూ గాజుకు 1 మీటరు ఎత్తులో, కెమెరా తెర మధ్యలో ఉందనుకుని లెక్క వేద్దాం. 600 మి.మీ. పొడవు అంచుల్లో మీ పలక వాలు సుమారు 11.5 డిగ్రీలు. పుటాకార వైపు అంచుల నుంచి తిరిగొచ్చే కిరణాలు లోపలికి వంగుతాయి కాబట్టి వంపు దిశలో 400 మి.మీ. తెర చాలు. అదే కుంభాకార వైపు అయితే కిరణాలు బయటికి విచ్చుకుంటాయి, దాదాపు 2.3 మీటర్ల తెర కావాలి. వంపు లేని 400 మి.మీ. దిశలో మాత్రం చదును అద్దం నియమమే వర్తిస్తుంది. అంటే గాజుకు రెట్టింపు, 800 మి.మీ. తెర. 43 అంగుళాల టీవీ సుమారు 950 × 535 మి.మీ. ఉంటుంది. దాని పొడవును గాజు వంపు లేని దిశకు సమాంతరంగా పెడితే రెండు దిశలకూ సరిపోతుంది. టీవీ మధ్యలో రంధ్రం చెయ్యలేం కదా. అందుకే కెమెరాను టీవీ పొడవాటి అంచు పక్కన బిగించి, ప్రతిబింబం తెర మధ్యకు వచ్చేలా గాజును కొన్ని డిగ్రీలు ఒక పక్కకు వాల్చండి. కుంభాకార ముఖం ఆకారం కావాలంటే పుటాకార ముఖానికి లంబం వెంబడి మందాన్ని కలపాలి. మందం ఎలా కొలవాలో కింద రాస్తున్నాను.

ఇక అసలు తలనొప్పి వెనక ముఖం. కెమెరాకు రెండు ప్రతిబింబాలు వస్తాయి. రెండింటి ప్రకాశం దాదాపు సమానం. 4 మి.మీ. గాజు మీద 10 డిగ్రీల కోణంలో పడిన కిరణానికి రెండో ప్రతిబింబం సుమారు 0.9 మి.మీ. పక్కకు జరుగుతుంది. 45 డిగ్రీల్లో అయితే 3 మి.మీ. జరుగుతుంది. రెండు సైన్ చారలు కలిస్తే వచ్చేది కూడా సైన్ చారే. అందుకే ప్రోగ్రామ్‌కు అనుమానం రాదు. రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉన్న ఫేజ్‌ను నిజమనుకుని లెక్కించేస్తుంది. ఆ రెండు ప్రతిబింబాల చారలు తెర మీద 1 మి.మీ. ఎడంగా ఉన్నాయనుకోండి, సగటు అర మి.మీ. తప్పుతుంది. వాలులో అది 0.25 మిల్లీరేడియన్లు. మీ సహనం (ఒప్పుకోగల తప్పు) 300 మి.మీ. సగం పొడవు మీద 50 మైక్రాన్లు, అంటే క్రమబద్ధమైన వాలు తప్పుకు 0.17 మిల్లీరేడియన్ల వరకే చోటుంది. వెనక ముఖం నుంచి వచ్చే ఈ దెయ్యపు ప్రతిబింబం ఒక్కటే దాన్ని మించిపోతుంది. ఎడం సరిగ్గా సగం చార అయితే చారలు పూర్తిగా మాయమై ఆ ప్రాంతమంతా డేటా ఉండదు.

ఇది ఉందో లేదో చూడటానికి ఒక్క నిమిషం చాలు. తెర మీద నల్లని నేపథ్యంలో 2 పిక్సెళ్ల వెడల్పు తెల్ల గీత ఒక్కటి వేసి కెమెరా చిత్రం చూడండి. రెండు గీతలు కనిపిస్తే చారల జోలికి వెళ్లకుండా ముందు దీన్ని సరిచెయ్యాలి.

వెనక ముఖాన్ని చంపడానికి అన్నిటికన్నా నమ్మకమైన మార్గం దాని మీద గాజుతో దాదాపు సమానమైన వక్రీభవన గుణకం ఉన్న నల్లని పూత. నీటితో కడిగితే పోయే లేదా ఊడదీయగల మ్యాట్ నలుపు పెయింటు బాగా పనిచేస్తుంది. పెయింటు పూర్తిగా గాజుకు అంటాలి. నల్ల టేపు వేస్తే కింద చిక్కుకున్న గాలి బుడగలన్నీ మెరిసే చుక్కలై చిత్రంలోకి వస్తాయి. పెయింటు వద్దనుకుంటే గ్లిజరిన్ పలుచగా రాసి, దాని మీద నల్లని ప్లాస్టిక్ ఫిల్మ్‌ను బుడగలు లేకుండా పరవండి. గ్లిజరిన్ గుణకం 1.47, మీ గాజుది 1.52. ఆ సరిహద్దులో పరావర్తనం 0.03 శాతానికి పడిపోతుంది. నీటితో అయితే 0.4 శాతం మిగులుతుంది. అత్యవసరానికి పనికొస్తుంది గానీ అంచుల్లో ఆరిపోతుంది. ఒక మిల్లీమీటరు కన్నా పలుచని గాజుకు పెయింటు వాడకండి, ఆరుతూ కుంచించుకుని గాజునే వంచేస్తుంది.

వెనక వైపు ఏదీ పూయకూడని గాజు అయితే గాజు అపారదర్శకంగా ఉండే తరంగదైర్ఘ్యానికి వెళ్లాలి. 8 నుంచి 14 మైక్రోమీటర్ల ఉష్ణ పరారుణంలో మామూలు గాజు గోడలాంటిదే, వెనక ముఖం అసలు కనిపించదు. తెర బదులు వేడి చేసిన తీగల జాలి, మామూలు కెమెరా బదులు థర్మల్ కెమెరా పెడతారు. పిక్సెళ్లు తక్కువ, నమూనా మార్చడం నెమ్మది, చుట్టూ ఉన్న మనుషుల వేడి కూడా గాజులో ప్రతిబింబిస్తుంది. 300 నానోమీటర్ల కంటే తక్కువ అతినీలలోహితంలోనూ సోడా-లైమ్ గాజు మూసుకుపోతుంది గానీ, దానికి ప్రత్యేక కెమెరా, కంటి రక్షణ రెండూ అవసరం. లామినేటెడ్ గాజు వారికి ఒక ఊరట: మధ్యలోని పీవీబీ అనే ప్లాస్టిక్ పొర గుణకం 1.48 దగ్గర ఉంటుంది కాబట్టి లోపలి సరిహద్దుల ప్రతిబింబం లెక్కలోకి రాదు. అన్నిటికన్నా బయటి వెనక ముఖాన్ని నలుపు చేస్తే సరి.

పోలరైజేషన్‌తో వెనక ప్రతిబింబాన్ని తీసేయవచ్చని కొందరు సలహా ఇస్తారు. సమాంతర ముఖాలున్న పలకకు అది కుదరదు. బ్రూస్టర్ కోణంలో, అంటే 56 డిగ్రీల చుట్టుపక్కల, ముందు ముఖం ప్రతిబింబం పోయినప్పుడే వెనకదీ పోతుంది. ఎల్‌సీడీ తెర కాంతి ఎలాగూ పోలరైజ్ అయి ఉంటుంది. పెద్ద కోణాల్లో కొలిచేటప్పుడు చిత్రం అకారణంగా చీకటైతే తెరను 90 డిగ్రీలు తిప్పి చూడండి.

చారలు వేసే పద్ధతి ఇలా ఉండాలి. రెండు దిశల్లోనూ మూడేసి సాంద్రతలు తీసుకోండి: తెర మొత్తానికి 1 చార, 8 చారలు, 64 చారలు. మొదటిది ఏ చార ఎక్కడిదో చెబుతుంది, చివరిది కచ్చితత్వాన్నిస్తుంది. ప్రతి సాంద్రతకూ 8 ఫేజ్ మెట్లు (చారలను ప్రతిసారీ ఎనిమిదో వంతు జరిపి తీసే చిత్రాలు), మొత్తం 48 చిత్రాలు. 4 మెట్లతో సరిపెట్టుకోవద్దు. టీవీ ప్రకాశం అంకెకు అనుపాతంలో పెరగదు, 2.2 దగ్గర గామా (ప్రకాశం అంకె ఏ ఘాతంతో పెరుగుతుందో చెప్పే విలువ) ఉంటుంది, కాబట్టి మీరు వేసిన సైన్ చార తెర మీద సైన్‌గా ఉండదు. 8 సమాన మెట్లు ఆరో హార్మోనిక్ (అసలు చార కన్నా ఆరు రెట్లు దట్టమైన చార) వరకూ ఆ వంకరను రద్దు చేస్తాయి. 4 మెట్లు రెండోదాన్ని మాత్రమే రద్దు చేస్తాయి. ఫలితంలో చారల వెడల్పుకు సరిపోయే సన్నని అలలు కనిపిస్తే అవి గాజువి కాకపోవచ్చు. చారల సాంద్రత మార్చి మళ్లీ కొలవండి. అలల వెడల్పు కూడా మారితే తప్పు గామాదో దెయ్యపు ప్రతిబింబానిదో అని తేలుతుంది.

టీవీ ప్రకాశం ఆటోమేటిగ్గా మారే సదుపాయాలు, రంగులు మెరుగుపరిచేవి, కదలికను నునుపు చేసేవి అన్నీ ఆపేయండి. ఎక్స్‌పోజర్ తెర రిఫ్రెష్ కాలానికి పూర్ణ గుణిజంగా ఉండాలి. 60 హెర్ట్జ్ తెరకు 100 మిల్లీసెకన్లు అంటే సరిగ్గా 6 ఫ్రేములు. చార మార్చిన తర్వాత కనీసం 100 మిల్లీసెకన్లు ఆగి తీయండి, లేకపోతే పాత చార జాడ కొత్తదానిలో కలుస్తుంది. గదిని చీకటి చెయ్యాలి. తెర వెలుగులో 4 శాతమే తిరిగొస్తుంది కనుక పైకప్పు లైటు, తెల్ల గోడ, మీ తెల్ల చొక్కా కూడా దానితో పోటీ పడతాయి. కెమెరా లెన్సును ఎఫ్/8 దగ్గర పెట్టి గాజు ఉపరితలం మీద ఫోకస్ చేయండి. చారలు కొంచెం మసకబారుతాయి, పర్వాలేదు. మసకబారిన సైన్ చార సైన్‌గానే ఉంటుంది, కాంట్రాస్ట్ మాత్రం తగ్గుతుంది. చారల మీద ఫోకస్ చేస్తే గాజు మీద ఏ బిందువును చూస్తున్నామో అదే మసకబారుతుంది.

క్రమాంకనంలో (కాలిబ్రేషన్‌లో) తొందరపడితే పైన చేసిందంతా వృథా. కెమెరా లెన్సు వక్రీకరణ, తెర పిక్సెల్ పరిమాణం, కెమెరాకూ తెరకూ మధ్య స్థానం, ఈ మూడూ తెలియాలి. కెమెరా తెరను నేరుగా చూడలేదు కాబట్టి ఒక చదును అద్దాన్ని కనీసం మూడు వేర్వేరు వాలుల్లో పెట్టి తెరను చూపిస్తారు. పది పన్నెండు స్థానాలు తీసుకుంటే మేలు. ఇక్కడ ముందు వైపు వెండిపూత ఉన్న అద్దమే వాడాలి. మామూలు అద్దంలో వెండి వెనక ఉంటుంది, ముందున్న గాజు వల్ల కిరణం పక్కకు జరుగుతుంది. తెర చదునుగా ఉందని నమ్మకండి. మధ్యలో 1 మి.మీ. ఉబ్బు ఉంటే, 11 డిగ్రీల్లో వచ్చే కిరణానికి 0.2 మి.మీ. తేడా, వాలులో 0.1 మిల్లీరేడియన్. మీకు అనుమతి ఉన్న మొత్తం తప్పులో సగం పైనే దీనికే పోతుంది. తెర ఆకారాన్ని ఒకసారి కొలిచి పట్టికగా పెట్టుకోండి.

అన్నీ అయ్యాక సరిచూసుకోవడానికి ఒక మంచి ప్రమాణం ద్రవ ఉపరితలం. వెడల్పైన ట్రేలో నల్ల రంగు కలిపిన నూనె పోసి కదలకుండా ఉంచండి. 600 మి.మీ. మేర భూమి వంపు వల్ల వచ్చే ఎత్తు తేడా 7 నానోమీటర్లే. మన పనికి అది సంపూర్ణమైన చదును. నల్లని ద్రవం కాబట్టి వెనక ప్రతిబింబమూ ఉండదు. ట్రే గోడల దగ్గర ద్రవం పైకి పాకుతుంది, అంచు నుంచి 30 మి.మీ. మేర డేటా తీసేయండి. మీ వ్యవస్థ ఈ ద్రవాన్ని 20 మైక్రాన్ల గిన్నెలా చూపిస్తే, ఆ 20 మైక్రాన్లూ మీ పరికరానివే.

బలహీనత దగ్గరకు వద్దాం. ఒకే కెమెరాతో వాలు లెక్కించాలంటే గాజు ఎంత దూరంలో ఉందో ముందే తెలియాలి. ఎత్తు మారితే అదే కెమెరా పిక్సెల్ వేరే వాలును చెబుతుంది. మీ అమరికలో గాజు మధ్య బిందువు ఎత్తు 1 మి.మీ. తప్పుగా ఇస్తే, పలక వంపు మొత్తం లోతు 30 మి.మీ.లో సుమారు 15 మైక్రాన్లు తేడా వస్తుంది. చిన్న అలలు సరిగ్గానే ఉంటాయి, మొత్తం వ్యాసార్థం మాత్రం జరుగుతుంది. డిఫ్లెక్టోమెట్రీ ఫలితాల మీద వచ్చే వాదనల్లో చాలావరకు ఈ తేడా తెలియకపోవడం వల్లే వస్తాయి. అందుకే కనీసం ఒక బిందువు ఎత్తును 0.1 మి.మీ. లోపు వేరే సెన్సర్‌తో ఇవ్వాలి. రెండో కెమెరా పెట్టి, రెండూ ఒకే లంబాన్ని చెప్పే ఎత్తును వెతకడం ఇంకో మార్గం.

ఆ బిందువుకూ మందానికీ క్రోమాటిక్ కన్‌ఫోకల్ సెన్సర్ సరిగ్గా సరిపోతుంది. అది తెల్ల కాంతిలోని ఒక్కో రంగును ఒక్కో దూరంలో ఫోకస్ చేస్తుంది. గాజు ఉన్న దూరానికి ఏ రంగు ఫోకస్ అయిందో అదే బలంగా తిరిగొస్తుంది. గాజు రెండు ముఖాలకూ సిగ్నల్‌లో రెండు శిఖరాలు వస్తాయి కాబట్టి మందం ఒకే వైపు నుంచి తెలుస్తుంది. కానీ ఆ రెండు శిఖరాల మధ్య దూరం మందం కాదు. 4 మి.మీ. గాజు సుమారు 2.6 మి.మీ.గా కనిపిస్తుంది. వక్రీభవన గుణకంలో 0.01 తప్పు మందంలో 26 మైక్రాన్ల తప్పవుతుంది. పట్టికలో ఉన్న గుణకాన్ని గుడ్డిగా వాడకండి. అదే గాజు నుంచి కోసిన తుంట ఒకటి తీసుకుని మైక్రోమీటరుతో మందం కొలిచి, సెన్సర్ అదే అంకె చూపేలా గుణకాన్ని సర్దండి. తుంటను తాకితే నష్టం లేదు కదా.

పలక మొత్తాన్నీ ఈ సెన్సర్‌తోనే గీతలు గీతలుగా స్కాన్ చేయవచ్చా? చేయవచ్చు, కానీ మూడు అడ్డంకులున్నాయి. తిరిగొచ్చే కాంతి సెన్సర్ లెన్సులోకే రావాలి కాబట్టి అది భరించే గాజు వాలు లెన్సు ద్వారం కోణానికి పరిమితం. ఆ కోణాన్ని చెప్పే న్యూమరికల్ అపెర్చర్ 0.3 అయితే సగం కోణం 17 డిగ్రీలు. కొలిచే పరిధి పెరిగే కొద్దీ ఈ కోణం తగ్గుతుంది. మీ పలకకు 30 మి.మీ. లోతు, 11.5 డిగ్రీల వాలు రెండూ ఉన్నాయి. పెద్ద పరిధి సెన్సర్ అంచుల్లో సిగ్నల్ కోల్పోతుంది, చిన్న పరిధి సెన్సర్‌ను ఎత్తు వెంబడి కదిలించే అక్షం కావాలి. అంచుల్లో ముందు శిఖరం బలహీనపడితే సెన్సర్ వెనక శిఖరాన్ని ముందుదనుకుంటుంది, రేఖ హఠాత్తుగా 2.6 మి.మీ. కిందికి దూకుతుంది. ఆ దూకుడును సున్నితం చేసి దాచకండి, ఆ బిందువులను తీసేయండి. మూడోది, నడిపే పట్టాల వంకర నేరుగా ఫలితంలో కలిసిపోతుంది. పైన చెప్పిన నూనె ట్రేను అదే పట్టాల కింద పెట్టి ఒకసారి స్కాన్ చేస్తే ఆ వంకర బయటపడుతుంది, దాన్ని ప్రతి కొలత నుంచీ తీసేయవచ్చు.

పరికరం ఎంత మంచిదైనా గాజును ఎలా నిలబెట్టారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. దీని మీద సెన్సర్ మీద కన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలని గట్టిగా చెబుతున్నాను. 600 మి.మీ. పొడవు, 4 మి.మీ. మందం ఉన్న చదును పలకను రెండు చివరల మీద ఆనిస్తే సొంత బరువుకే మధ్యలో సుమారు 0.44 మి.మీ. కుంగుతుంది. అది మీ సహనానికి దాదాపు తొమ్మిది రెట్లు. అదే ఆధారాలను చివరల నుంచి పొడవులో 22 శాతం, అంటే 133 మి.మీ. లోపలికి జరిపితే కుంగుడు యాభయ్యో వంతుకు, 10 మైక్రాన్ల లోపుకు వస్తుంది. మూడే ఆధారాలు పెట్టండి: ఒక గీత మీద రెండు, రెండో గీత మధ్యలో ఒకటి. నాలుగు కాళ్లు పెడితే ఏ కాలు ఎంత మోస్తోందో తెలియదు, పెట్టిన ప్రతిసారీ ఆకారం మారుతుంది. క్లాంపులు వద్దు, నురుగు దిండ్లూ వద్దు. గాజు చివరికి నిలువుగా బిగించేదైతే నిలువుగానే కొలవండి. కుంగుడు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, మందం వర్గంతో తగ్గుతుంది. కాబట్టి ఇంకో కొలత గాజుకు ఈ అంకెలను అలాగే వాడకండి, మళ్లీ లెక్క వేయండి.

వేడి కూడా అలాంటిదే. సోడా-లైమ్ గాజు డిగ్రీకి మీటరుకు 9 మైక్రాన్లు సాగుతుంది. రెండు ముఖాల మధ్య 1 డిగ్రీ తేడా ఉంటే 4 మి.మీ. పలక 600 మి.మీ. మీద 0.1 మి.మీ. వంగుతుంది. 0.2 డిగ్రీలకే 20 మైక్రాన్లు. కడిగిన వెంటనే, ఎండ తగిలిన వెంటనే, చేతులతో పట్టుకున్న వెంటనే కొలిచిన అంకెలు పనికిరావు. గాజును ఆధారాల మీద పెట్టి, టీవీ ఆన్ చేసి కనీసం గంట ఆగండి. టీవీ వేడి కూడా స్థిరపడాలి. తర్వాత పది నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిచి, ఒక కొలత నుంచి ఇంకోదాన్ని తీసేసి చూడండి. తేడా గిన్నె ఆకారంలో ఉంటే ఇంకా చల్లారలేదన్నమాట.

పొడి స్ప్రే చల్లి మామూలు స్కానర్‌తో కొలవడం గురించి కూడా అడిగారు. టైటానియం డయాక్సైడ్ పొడి పూత కొన్ని మైక్రాన్ల నుంచి 20 మైక్రాన్ల దాకా మందం వస్తుంది. చెయ్యి ఎలా కదిలిందో దాన్ని బట్టి చోటుచోటుకూ మారుతుంది. సైక్లోడోడెకేన్ లాంటి దానంతట అదే ఆవిరైపోయే పూతలతో తుడిచే పని ఉండదు గానీ మందం సమస్య అలాగే ఉంటుంది, ద్రావకం ఆవిరవుతూ గాజును చల్లబరుస్తుంది కూడా. 0.1 మి.మీ. సహనం ఉన్న పనికి ఇది త్వరగా అయ్యే నిజాయితీ గల పద్ధతి. 50 మైక్రాన్లకు అంచు మీద ఉంటుంది. చిన్న అలలు చూడాలంటే పనికిరాదు.

లెన్సుకు వచ్చేసరికి లోకం మారుతుంది, మైక్రాన్ల చోట నానోమీటర్లు వస్తాయి. ఫిజో ఇంటర్‌ఫెరోమీటర్‌లో హీలియం-నియాన్ లేజర్ 632.8 నానోమీటర్లు, చిత్రంలో కనిపించే ఒక్కో వెలుగు-చీకటి పట్టీ 316 నానోమీటర్ల ఎత్తు తేడా. మీ ముఖానికి వ్యాసార్థం భాగించు వ్యాసం 2. కాబట్టి ఎఫ్/1.5 ట్రాన్స్‌మిషన్ స్ఫియర్ (లేజర్ కాంతిని గోళాకార తరంగంగా మార్చే లెన్సు) ముఖమంతా కప్పుతుంది. ఎఫ్/3.3 పెడితే మధ్య భాగమే కనిపిస్తుంది, అంచు తప్పులు తెలియకుండా పోతాయి. లెన్సు వెనక ముఖం వంపు వేరు కాబట్టి దాని ప్రతిబింబం సాధారణంగా చెదిరిపోతుంది. అయినా చిత్రంలో చిన్న వలయాలు ముసిరితే వెనక నల్లని గ్లిజరిన్ చిట్కానే వాడండి.

వ్యాసార్థం కోసం రెండు స్థానాలు వెతకాలి. కిరణాలన్నీ ముఖానికి లంబంగా పడే స్థానం ఒకటి, ముఖం సరిగ్గా ఫోకస్ బిందువు దగ్గరే ఉండే క్యాట్స్-ఐ స్థానం రెండోది. రెండింటి మధ్య స్లయిడ్ కదిలిన దూరమే వ్యాసార్థం. మీ లెన్సుకు అర పట్టీ ఫోకస్ తప్పు 5 మైక్రాన్ల స్థాన దోషం. 80 మి.మీ.లో అది బాగానే ఉంది. కానీ వ్యాసార్థం వ్యాసానికి 10 రెట్లు ఉండే చదునైన ముఖానికి అదే అర పట్టీ 125 మైక్రాన్లవుతుంది. తక్కువ వంపు ఉన్న ముఖాల వ్యాసార్థం ఎవరైనా ఎక్కువ అంకెలతో చెబితే ఈ లెక్క వేసి చూడండి. ఇంకొక హెచ్చరిక: పట్టీలు సరిచేసి చదునుగా కనిపించిన చిత్రం గోళం నుంచి విచలనాన్నే చెబుతుంది. వ్యాసార్థం తప్పుగా ఉన్న గోళం కూడా అందులో దోషరహితంగానే కనిపిస్తుంది. పుటాకార ముఖానికి ఇంటర్‌ఫెరోమీటర్ అందుబాటులో లేకపోతే 1858 నాటి ఫూకో కత్తి అంచు పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. వ్యాసార్థ కేంద్రం దగ్గర ఎల్‌ఈడీ, బ్లేడు పెడితే, పూత లేని గాజు తిప్పి పంపే 4 శాతం కాంతికే ఉపరితల దోషాలు నీడలుగా లేస్తాయి.

ఏది వాడినా, దానితో పొత్తు లేని రెండో కొలత ఒకటి ఉండాలి, రెండూ విభేదిస్తే పని ఆపాలి. 1990లో కక్ష్యలోకి వెళ్లిన హబుల్ టెలిస్కోపు 2.4 మీటర్ల అద్దం అంచు దగ్గర సుమారు 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా తయారైంది. కారణం, ఆకారాన్ని పరీక్షించే నల్ కరెక్టర్‌లో ఒక లెన్సు 1.3 మి.మీ. తప్పు స్థానంలో ఉండటం. వేరే సాధారణ కరెక్టర్‌తో చేసిన పరీక్షలో లోపం కనిపించింది కూడా. అది తక్కువ కచ్చితమైన పరికరమని దాని మాట పక్కన పెట్టారు.

మీ పలకకు ఆ రెండో కొలత తేలికే. డిఫ్లెక్టోమెట్రీ పటంలో మధ్యలోనూ నాలుగు మూలల దగ్గరా ఐదు బిందువులు ఎంచుకుని, వాటి ఎత్తులను కన్‌ఫోకల్ సెన్సర్‌తో విడిగా కొలవండి. మూలల్లో వాలు ఎక్కువైతే సెన్సర్‌ను లంబం వైపు వంచండి, ఆ వంపు కోణాన్ని లెక్కలో కలపండి. ఎత్తు లంగరుగా వాడిన మధ్య బిందువును ఈ పోలికలో లెక్కించకూడదు, అది ఎలాగూ సరిపోతుంది. మిగతా నాలుగూ 20 మైక్రాన్ల లోపు కలిస్తే పటాన్ని నమ్మండి. నాలుగూ ఒకే వైపు, ఒకే మోతాదులో తప్పితే లంగరు ఎత్తో తెర దూరమో తప్పింది. ఎదురెదురు మూలలు వ్యతిరేక దిశల్లో తప్పితే ముందు ఆధారాలను, తర్వాత తెర మెలికను చూడండి. ఒక్క మూల మాత్రమే తప్పితే ఆ చోట వెనక నలుపు పూత లేచిపోయిందేమో చూడండి.